దండెం తీగతో వెలిగిన పుంజు

మా వదిన జొరైదా పెళ్లిరోజున కూడా సంచిలో ఒక బ్యాటరీ, టార్చి బుల్బు, రెండు వైరు ముక్కలు పెట్టుకుని వచ్చిందని మా అన్న ఇప్పటికీ ఏడిపిస్తుంటాడు. అది అబద్ధం కాదు, నేనే చూశాను. వీధిలో ఫ్యాన్లు, రైస్ కుక్కర్లు బాగుచేయడం ఆమె పని. మా క్యూబాలో కరెంటు రోజూ పోతుంది, వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి పాడుచేసి మరీ వస్తుంది. అందుకని ఆమెకు తీరికన్నది ఉండదు.

అయినా ఆమె బతుకంతా క్రిస్మస్ ముందు రోజు మీదే. ఆ సాయంత్రం మా ఏటిపేట వాళ్లు, అవతలి కొండపేట వాళ్లు చర్చి ముందున్న మైదానంలో చెరొక పెద్ద దీపాల బొమ్మ నిలబెడతారు. ఎవరి బొమ్మ బాగా వెలిగితే వాళ్లది గెలుపు. గెలిచినవాళ్లు మర్నాడు కాగితపు శవపేటిక కట్టి, ఓడినవాళ్ల వీధిలో దొంగ ఏడుపులు ఏడుస్తూ ఊరేగుతారు.

నిరుడు ఆ పేటిక మా వీధికే వచ్చింది. గాలికి ప్రధాన తీగ ఊడి మా బొమ్మ అసలు వెలగనే లేదు. కొండపేట వాళ్లు మా బొమ్మ కిందనుంచి ఒక పెద్ద బుల్బు ఏరుకుని, దాని మీద నల్లరంగుతో జొరైదా అని రాసి, పేటికలో పడుకోబెట్టి, సరిగ్గా ఆమె గుమ్మం ముందు దించారు. నేనైతే అంట్లు కడిగిన నీళ్లు వాళ్ల మీద పోశాను. ఆమె మాత్రం ఆ బుల్బు తీసుకుని లోపలికి వెళ్లి తలుపేసుకుంది. పండగ పంది మాంసం ముట్టలేదు.

మా పేట బొమ్మకు దీపాలు అమర్చే పని ఆమెకు వాళ్ల నాన్న చేతులమీదుగా వచ్చింది. ఎవరిస్తో అని మా పేట పెద్ద, మొహమాటం లేకుండా చెప్పేశాడు, ఈసారీ వెలగకపోతే వచ్చే ఏడు పక్క ఊరి మనిషిని పిలుస్తానని.

ఈ ఏడాది బొమ్మ కోడిపుంజు. మేమంతా మా వాకిట్లో కూర్చుని చిన్న బుల్బులకు రంగులు పూస్తుంటే ఆమె వరసలు కట్టేది. ఒక్కో వరసలో తొమ్మిది బుల్బులు, ఒకదాని వెనక ఒకటి. వాటిలో ఒక్కటి పోయినా వరసంతా ఆరిపోతుంది. కానీ వరసలన్నీ పక్కపక్కన దేనికది తగిలించినవి కాబట్టి మిగతావాటికి ఏమీ కాదు. ఒక్కో వరసకీ రెండేసి తీగలెందుకని మా అన్న అడిగితే బ్యాటరీ, బుల్బు తీసి చూపించింది.

"కరెంటుకి వెళ్లే దారి ఒక్కటే ఇస్తే చాలదు. తిరిగొచ్చే దారి కూడా ఉండాలి. అది లేకపోతే అసలు బయల్దేరదు."

"మా అన్న దానికంటే నయం వదినా. తిరిగొచ్చే దారి తెలియకపోయినా రమ్ము కొట్టుకి బయల్దేరతాడు," అన్నాను. మా అన్న నా మీదికి రంగు కుంచె విసిరాడు.

అసలు తంటా అంతా మా రహస్యం వల్ల వచ్చింది. కొండపేట వాళ్లకు తెలియకూడదని బొమ్మ ముక్కలు వేరువేరు ఇళ్లలో తలుపులు వేసుకుని చేస్తాం. తల ఒదాలిస్ ఇంట్లో, మెడ కాందిదో ఇంట్లో. ఒక ఇంట్లో ఏం జరుగుతోందో మరో ఇంట్లో అడగకూడదని ఎవరిస్తో ఆజ్ఞ. పిచ్చి ఆజ్ఞ, కానీ మా తాతల నాటినుంచీ అంతే.

క్రిస్మస్ ముందు రోజు మైదానంలో గుడ్డ అడ్డం కట్టి ముక్కలన్నీ కలిపారు. చీకటి పడగానే గుడ్డ లాగేశారు. జొరైదా రాగిరేకులు కొట్టిన చెక్క పీపాని తిప్పడం మొదలుపెట్టింది. పీపా తిరుగుతూ రేకు తీగ కొసకి తగిలినంతసేపు ఆ వరస వెలుగుతుంది, రేకు లేనిచోట ఆరుతుంది. తోక ఎగిసింది, రెక్కలు కొట్టుకున్నాయి, మెడ ఎర్రగా నిగనిగలాడింది. తల మాత్రం చీకటి.

"తల లేని కోడి! ఇంక కూర వండేసుకోండి," అని కొండపేట వైపునుంచి ఒకటే గోల. ఎవరిస్తో మొహం పక్కకు తిప్పుకున్నాడు.

జొరైదా కరెంటు ఆపించింది. ఒక బుల్బు పోతే ఒక వరసే పోవాలి, తలలో అన్ని వరసలూ ఒకేసారి పోయాయంటే అన్నిటికీ కలిపి ఉన్న తీగే లేదని గొణుక్కుంటూ నిచ్చెనెక్కింది. నిజంగానే తలనుంచి వెనక్కి వచ్చే తీగ లేదు. అది మెడవాళ్లు వేస్తారని ఒదాలిస్, తలవాళ్లు వేస్తారని కాందిదో అనుకున్నారట. అడగకూడదు కదా మరి.

మిగిలిన తీగ లేదు, ఉన్నదంతా పుంజు ఒంట్లోనే ఉంది. నాకు మా పెరట్లో దండెం గుర్తొచ్చింది. అది ఎప్పటిదో పాత కరెంటు వైరు. ఇంటికి పరిగెత్తి, మా ఆయన చొక్కాలు నేలమీద పడేసి, దాన్ని లాక్కొచ్చాను. ఒక చొక్కా ఇంకా క్లిప్పుకి వేలాడుతూనే ఉంది.

నేనైతే వెంటనే కట్టేయమన్నాను. ఆమె వినలేదు. సంచిలోంచి బ్యాటరీ, టార్చి బుల్బు తీసి తీగ రెండు కొసలకూ కలిపింది. ఇన్నేళ్లు ఎండలో ఎండింది, లోపల ఎక్కడైనా తెగి ఉంటే వేసీ దండగ అంది. చిన్న బుల్బు వెలిగింది.

"ఇది చాలు," అంది.

తీగ బిగించి కిందికి దిగి, మళ్లీ పీపా తిప్పింది. మెడ మీదనుంచి ఎరుపు పాకి ముక్కు వెలిగింది, జుట్టు వెలిగింది. చిట్టచివరి రేకు తగిలినప్పుడు కన్ను తెరుచుకుంది. పెద్ద బుల్బు. దాని మీద నల్లటి అక్షరాలు ముందున్నవాళ్లందరికీ స్పష్టంగా కనిపించాయి.

అది నిరుడు పేటికలో వచ్చిన బుల్బు. దాన్ని కంటికి పెట్టిన సంగతి ఆమె నాకూ చెప్పలేదు.

కొండపేట వైపు గోల ఆగిపోయింది. నిరుడు పేటిక మోసినవాళ్లలో ఒకడు ఆ పేరు పైకే చదివాడు. ఈసారి వెటకారం లేదు. ఎవరిస్తో వచ్చి పీపా పక్కన నిలబడి, వచ్చే ఏడు ఏ బొమ్మ చేద్దామని ఆమెనే అడిగాడు.

"చచ్చిపోయిందని పేటికలో పెట్టిన బుల్బు కదా, ఎలా వెలిగింది వదినా?" అన్నాను. నాకు ఏడుపు ఆగడం లేదు.

"దానికేమైంది? నిక్షేపంలా ఉంది. దారి తెగిందంతే," అని ఆమె పీపా తిప్పుతూనే ఉంది.