ముత్తమ్మకు వేసిన ఉత్త ఫ్లాష్

గురువారం ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు ఇది గుర్తొచ్చింది. భద్రాచలం బస్సు బూర్గంపాడులో ఆగి ఉంది. ముందు సీట్లో ఒక అమ్మాయి పక్కనున్న తల్లిని ఫోటో తీసింది. ఫోను ఫ్లాష్ నా కళ్ళలో పడింది. రెప్పలు మూస్తే ముత్తమ్మ కనిపించింది, ఆమె వెనకే యాకూబ్ సార్.

యాకూబ్ సార్‌కు ఖమ్మంలో ఫోటో స్టూడియో ఉండేది. అందులో తొమ్మిదేళ్ళు పనిచేశాను. ఫోటో తీయడం ఆయనే నేర్పారు. రీలులోని ముప్పై ఆరు ఫ్రేముల్లో ఒక్కటీ వృథా కానివ్వకపోవడం నాకు నేనే నేర్చుకున్నాను. అది నా గర్వం.

నాకు ఇరవై తొమ్మిదేళ్ళప్పుడు, వానలు మొదలయ్యే రోజుల్లో, ఒక క్యాలెండర్ ఫోటోల కోసం నన్ను పంపారు. ఖమ్మంలో ఒక షెడ్డులో ఉన్న పాతకాలపు నల్ల కారుకు పన్నెండు ఫ్రేములు, కుసుమంచి గుడికి పద్నాలుగు, అడవి అంచు పల్లెలో ఎడ్లబండ్లకు తొమ్మిది. ఒకటి మిగిలింది. దాన్ని గోదావరి వంతెన మీద సూర్యాస్తమయానికి దాచుకున్నాను. ఆ పల్లెలో సామాను సర్దుకుంటుంటే ముత్తమ్మ అనే ముసలామె అడ్డం వచ్చింది.

"నాదొక్కటి తియ్యి బిడ్డా. బొగ్గుబాయి కాడున్న మా లచ్చికి పంపాలె. నాది ఒక్క ఫోటో గూడ లేదు."

"సరే, నిలబడవ్వా."

"ఆగు, తల దువ్వుకొని వస్త. పండ్లు లేవు గని, నవ్వాల్నా వద్దా?"

తడి జుట్టు దువ్వుకుని, ఆకుపచ్చ అంచు చీర కట్టుకుని వచ్చింది. వసారా గుంజను ఎడమ చేత్తో పట్టుకుని నోరు విప్పకుండా నవ్వింది. ఫ్లాష్ వెనక ఒక చిన్న మీట ఉంటుంది. అది నొక్కితే వెలుగు మాత్రమే వస్తుంది, రీలు కదలదు. నొక్కాను.

"వచ్చిందా?"

"వచ్చిందవ్వా."

స్టూడియోకు వచ్చాక, ఫ్రేము ఎలా మిగిల్చానో నేనే గొప్పగా చెప్పాను. సార్ చేతులు తుడుచుకుని కూర్చున్నారు.

"లెక్కల్ల గట్టిదానివే. గుడికి పద్నాలుగు, కారుకు పన్నెండు, మనిషికి సున్న. గిదేం లెక్కమ్మా?"

"మళ్ళ పోయినప్పుడు తీస్త సార్."

"మళ్ళెప్పుడో గాదు. రేపే పోదాం."

ఆ రాత్రి వాన పట్టుకుంది. వాగు పొంగి పదకొండు రోజులు బస్సు నడవలేదు. పన్నెండో రోజున సార్, నేను వెళితే ఆ వసారాలో ముత్తమ్మ లేదు, నా ఈడు మనిషి ఒకామె ఉంది.

"మీరేనా ఫోటోల మేడం? నేను లచ్చిని. అమ్మ పోయి ఐదొద్దులాయె. మీ కోసం రోజు తొవ్వ చూసిందంట. తెచ్చిన్రా?"

రీలు పాడైందని చెప్పడం సులువు. సార్ నా వైపు చూడలేదు, కెమెరా పట్టీ సరిచేసుకుంటూ నిలబడ్డారు.

"తియ్యలేదక్కా," అన్నాను. "ఫిల్ము మిగుల్చుకుందామని ఉత్త ఫ్లాష్ వేసిన."

లచ్చి తిట్టలేదు. "ఎట్ల నిలబడ్డదో చెప్పు," అంది. చీర అంచు రంగుతో సహా చెప్పాను. ఆమె వెళ్ళి అదే గుంజ పట్టుకుంది.

"గిట్లనా?"

"అవ్. నోరు విప్పకుండ నవ్వింది."

లచ్చి నవ్వలేకపోయింది. సార్ కెమెరా నా చేతికిచ్చారు. ఆమెను ఎలా ఉందో అలాగే తీశాను. మరుసటి వారం కాపీ నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను.

సార్ పోయి పంతొమ్మిదేళ్ళు. ఇప్పుడు నా ఫోనులో ఫ్రేములకు లెక్కే లేదు. అయినా ఏ ఊరు వెళ్ళినా ముందు మనిషి, తర్వాతే గుడి, కారు. ఆ గురువారం బస్సులో కూడా లేచి ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, "ఫోను ఇటియ్యి బిడ్డా, మీ ఇద్దర్ని తీస్త," అన్నాను. తల్లి కొంగు సర్దుకునేదాకా ఆగాను.

ఆనాటి రీలులో కారు పన్నెండు, గుడి పద్నాలుగు, బండ్లు తొమ్మిది, సూర్యాస్తమయం ఒకటి. ఆ ఒకటీ మబ్బు పట్టి క్యాలెండర్‌కు పనికిరాలేదు. మొత్తం ముప్పై ఆరు. పోయింది ఒక్క ముఖం.