లేని కామెర్లకు పథ్యం

మా అమ్మాయికి కామెర్లు రాలేదు. ఈ సంగతి మా ఇంట్లో వాళ్లకూ ఖమ్మంలోని డాక్టరమ్మకూ తెలుసు. మిగతా ఊరంతా వచ్చాయనే నమ్మింది.

అమ్మాయి ఖమ్మంలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఒకరోజు కాలేజీ వాళ్లు ఫోన్ చేసి, వచ్చి తీసుకుపొమ్మన్నారు. పరీక్ష పేపరు చేతికివ్వగానే వణుకుతోందట, ఊపిరాడడం లేదంటోందట. ఆ తర్వాత మంచం దిగడమే మానేసిందట. మేం వెళ్లేసరికి జుట్టు అట్టలు కట్టి, గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అటునుంచి అటే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె దానితో చాలాసేపు మాట్లాడి ఆందోళన, డిప్రెషన్ అని చెప్పింది. మాత్రలు రాసి, "నన్ను అడగకుండా మధ్యలో ఆపొద్దు" అంది. అంతటితో వదలకుండా ఆ మాట నా చేత కూడా చెప్పించుకుంది.

పినపాక దగ్గర మా ఊళ్లో బస్సు దిగామో లేదో, ఎదురింటావిడ ఎదురైంది. "పిల్ల గిట్ల చిక్కిపోయిందేంది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే, మమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చిన మా అత్తమ్మ అందుకుంది.

"పచ్చకామెర్లయినయ్."

అబద్ధం అంత నున్నగా ఆడగలదని పెళ్లయిన ఇన్నేళ్లలో నాకు తెలియదు.

చెప్పొద్దూ, మొదట్లో నాకూ బాగానే ఉంది. కామెర్లు మర్యాదగల జబ్బు. కామెర్లొచ్చిన పిల్లను మార్కులెన్ని అని ఎవరూ అడగరు. మనసు గట్టి చేసుకొమ్మని ఎవరూ చెప్పరు. పడుకుంటే పడుకోనివ్వమంటారు. అసలు పేరు చెబితే ఈ మర్యాద దక్కదు. మా చుట్టాల నోళ్లు నాకు తెలుసు.

తిప్పలు మర్నాడు మొదలయ్యాయి. ఊళ్లో సగం మంది కొబ్బరిబోండాలూ బ్రెడ్డు ప్యాకెట్లూ సలహాలూ పట్టుకుని వచ్చారు. వచ్చినవాళ్లంతా దాని కంటి రెప్ప కిందికి లాగి చూశారు. అందరికీ పచ్చగానే కనిపించింది. కారం బంద్, నూనె బంద్. పోపు వాసన ఎదురింటికి పోతుందని ఇంటిల్లిపాదికీ చప్పిడి కూడే. చుట్టూ మిర్చి చేలు, మా కంచాల్లో పెరుగన్నం. మా ఆయన బొగ్గు గనిలో డ్యూటీ దిగి, మణుగూరులో మిరపకాయ బజ్జీలు తిని, మూతి కడుక్కుని వచ్చేవాడు. చొక్కా మీద నూనె మరకలు మాత్రం అలాగే ఉండేవి. ఆ మనిషికి అబద్ధమాడే తెలివి కూడా లేదు.

అమ్మాయి పెట్టింది సగం తిని "వద్దు" అనేది. స్నానం వద్దు, ఫోన్ వద్దు, కిటికీ తీస్తే వద్దు. రోజంతా దాని నోట ఇంకో మాట వినపడేది కాదు. పరీక్షలు దగ్గర పడుతున్నాయని క్యాలెండరు చూసి నేనే భయపడి, నేనే ఆ క్యాలెండరు తీసి లోపల పెట్టాను. చదువు పోతే పోనీ, పిల్ల మిగిలితే చాలని మొక్కుకునే దాకా వచ్చాను. ఆ మాత్రలొక్కటే నా ధైర్యం. అన్నం తిన్నాక పక్కన కూర్చుని మింగించేదాన్ని.

రోజులు గడుస్తున్నా పిల్ల మంచం దిగకపోయేసరికి, అత్తమ్మ తన అబద్ధాన్ని తనే నమ్మడం మొదలుపెట్టింది. ఒక పొద్దున పక్క గూడెం నుంచి కామెర్లకు పసరు పోసే అవ్వను పిలుచుకొచ్చింది. వెనకే ఎదురింటావిడ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. అవ్వ ఆకు దంచి, పసరు గిన్నెలోకి పిండి, గూట్లో ఉన్న మాత్రల వైపు చూసింది.

"పసరు మీద ఇంగ్లీషు మందులు పడవు. గోళీలు బంద్ పెట్టాలె."

"అవ్, బంద్ పెడతం," అని అత్తమ్మ మాత్రల అట్ట తీసి పిడికిట్లో పెట్టుకుంది.

"అవి ఇటియ్యి అత్తమ్మా," అన్నాను.

"గిన్ని దినాలు మింగింది. ఏం తగ్గింది?"

నాకు ఒళ్లు మండిపోయింది. నిజం చెబితే మాత్రలు దక్కుతాయి. కానీ గుమ్మంలో ఎదురింటావిడ చెవులు రిక్కించి నిలబడి ఉంది.

అప్పుడు మంచం కిర్రుమంది. అమ్మాయి లేచి, గోడ పట్టుకుని నడిచి వచ్చింది.

"నాకు కామెర్లు కాలే," అంది.

ఎదురింటావిడ గడప దాటి లోపలికొచ్చినా అమ్మాయి ఆగలేదు.

"పరీక్షంటే భయమైతది. ఊపిరాడది. పొద్దుగాల లేవబుద్ధి కాదు. ఒక్కోసారి ఎందుకు బతుకుడు అనిపిస్తది. ఆ గోళీలు గందుకే."

పసరు అవ్వకు కోపమొచ్చింది. "గీ ముచ్చట ముందుగాల్నే చెప్పొద్దా? పొద్దట్నించి ఆకు దంచిన," అని గిన్నె ఎత్తి పెరట్లో పారబోసింది. ఎదురింటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్తమ్మ గొంతు తగ్గించి, "ఊరోళ్లు ఏమనుకుంటరే బిడ్డా?" అంది.

అమ్మాయి చెయ్యి చాపింది.

"అనుకోనీ నాయనమ్మా. నాకు అవి కావాలె."

కావాలె, అంది. హాస్టల్ నుంచి తెచ్చాక నా బిడ్డ ఏదైనా కావాలనడం అదే మొదలు. అత్తమ్మ పిడికిలి విప్పి అట్ట దాని చేతిలో పెట్టింది. ఆ ఏడు పరీక్షలు పోయినట్టేనని నాకు తెలుసు. ఆ క్షణాన ఆ బాధే లేదు. ఎదురింటావిడ చూస్తుందని కూడా చూడకుండా నడింట్లో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.