గ్రేట్ డేన్ పిల్లకు ఇల్లు చూడబోయి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలకు ఎవరూ కుక్కపిల్లను అప్పగించి ఉండరు. అప్పగించి ఉంటే మూడో ముక్క కూడా కలిపేవారు: కుక్కకు ఇల్లు వెతికి చూడు. నేను వెతికాను. వెతికి వెతికి, షోలాపూర్ మొత్తంలో నన్ను నమ్మిన ఒకే ఒక్క డాక్టరమ్మ ముందు నా పరువు ఎలా పోగొట్టుకున్నానో చెబుతాను. మీరు మొహమాటపడకుండా నవ్వుకోవచ్చు. మా అమ్మ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. భవాని పేట్‌లో మా ఇంటి ముందు గదిలో రెండు పవర్‌లూమ్‌లు, వెనక గదిలో అమ్మా నేనూ. నేసిన టవళ్ళను మోటార్ సైకిల్ మీద దుకాణాలకు వేసి రావడం నా పని. నాలుగు టవళ్ళు చకచకా అమ్ముడుపోయేసరికి, ఈ భూమ్మీద నేను అమ్మలేని వస్తువు లేదన్న జబ్బు ఒకటి పట్టుకుంది.

పశువుల డాక్టర్ మేడం క్లినిక్‌కు కూడా మా టవళ్ళే వెళ్ళేవి, కుక్కలను తుడవడానికి. ఒకరోజు కట్ట దింపుతుంటే బల్ల మీద ఒక బూడిదరంగు పిల్ల కనబడింది. నాలుగు కాళ్ళూ ఎవరో పెద్ద కుక్క దగ్గర అరువు తెచ్చుకున్నట్టున్నాయి. మేడం పెంచే గ్రేట్ డేన్ జాతి కుక్కకు పుట్టిన ఎనిమిదింటిలో ఆఖరిది.

"ఏడింటికి మంచి ఇండ్లు దొరికినయి శీనూ, దీనికే దొరుకుతలేదు" అన్నారు మేడం. "దీని అమ్మకు, నాయినకు గుండె, కండ్లు, తుంటి కీళ్ళు అన్ని పరీక్షలు చేయించిన. గంత మంచి పిల్లను ఎవరికి పడితే వాళ్ళకు ఎట్లిస్త? ఇంట్ల ఇప్పటికే మూడున్నయి. క్లినిక్ల ఉంచుదమంటె జబ్బు కుక్కలొస్తయి."

నోరు మూసుకుని టవళ్ళు లెక్కపెట్టుకోవచ్చు కదా! లేదు.

"మా ఇంట్ల ఉంచుండ్రి మేడం. వారంల ఇల్లు చూపిస్త. పక్కా!"

పిల్లతోపాటు ఒక ఫైలు కూడా ఇచ్చారు. దాని అమ్మానాన్నల పరీక్షల కాగితాలు, అది ఏం తినాలి, ఎలా పడుకోవాలి అన్నీ అందులో ఉన్నాయి. నేను పుట్టినప్పటి నుండి నా గురించి ఎవరూ అన్ని కాగితాలు రాయలేదు.

ఇంటికి తీసుకెళ్ళగానే అమ్మ బీడీల చాట పక్కన పెట్టి లేచింది.

"ఒరేయ్, గిది కుక్కనా, దూడనా?"

"పిల్లనే. రెండున్నర నెలలది."

"రెండున్నర నెలలకే గింతుంటె, పెద్దగైనంక మనం యాడుండాలె రా?"

మొదటిరోజు అది నూలు కండెలు నమిలింది. రెండోరోజు అమ్మ నానబెట్టి కత్తిరించుకున్న తునికాకు మీద పడుకుని నిద్రపోయింది. కుక్కను తెచ్చి సింహాసనం మీద కూర్చోబెడితే ఏం చేస్తుందో నాకు తెలియదు గానీ, మడతపెట్టిన టవళ్ళ దొంతర మీద కూర్చోబెడితే ఏం చేస్తుందో మూడోరోజు తెలిసింది. పొగాకు తింటే దానికి ప్రమాదమని ఫైలులో రాసి ఉండటంతో, అమ్మ బీడీలు చుట్టినంతసేపూ నేను కుక్కను ఒడిలో పెట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది. మగ్గాలు ఆగాయి. నేనూ ఆగిపోయాను.

ఇక వచ్చినవాళ్ళ సంగతి. వాట్సాప్‌లో ఫోటో పెట్టగానే ఒకాయన గోదాముకు కాపలా కావాలని వచ్చాడు. "గొలుసుతోని గేటుకు కట్టేస్త, మొరుగుతదా?" అన్నాడు. మేడం వింటే నన్ను కట్టేస్తారు. పంపించేశాను. మరునాడు మూడో అంతస్తు ఫ్లాటులో ఉండే ఒకాయన వచ్చాడు. పిల్లను ముద్దుచేశాడు, ఎత్తుకున్నాడు, అంతా అయ్యాక చెవిలో అడిగాడు:

"శీనన్నా, గిది గింతే ఉండేటట్టు ఏమన్న మందుందా?"

తొమ్మిదోరోజుకు అమ్మ నాతో మాట్లాడటం మానేసి, ఏం చెప్పినా కుక్కతోనే చెప్పసాగింది. "మీ అన్నకు చెప్పు, బువ్వ తినమని." అలా ఉండగా ఫోను మోగింది. అవతల గొంతు గుసగుసలాడుతోంది.

"గ్రేట్ డేన్ పిల్ల ఇంక ఉందా?"

"ఉంది. గాని ఊకెనే ఇయ్యం సార్. ముందుగాల నా సవాళ్ళకు జవాబులు చెప్పాలె" అని దర్జాగా ఫైలు తెరిచాను. "తిన్నంక ఏం చేయిస్తరు?"

"గంటసేపు ఉరకనియ్య. గింత పెద్ద జాతికి కడుపు మెలిపడతది."

"మెట్లు?"

"పెద్దగయ్యేదాక ఎక్కనియ్య. కీళ్ళు ఖరాబైతయి."

ఫైలు నా చేతిలో ఉందా, ఆయన చేతిలో ఉందా అనిపించింది. తెలివైనవాడికైతే అక్కడే అనుమానం రావాలి. నేను నూటికి నూరు మార్కులు వేశాను.

"గంత మెల్లగ మాట్లాడుతున్రేంది సార్?"

"ఇంట్ల పూజ నడుస్తుంది. హోట్గి రోడ్ మీద ఇల్లు, పెద్ద కంపౌండ్. రేపు పదకొండుకు తీసుకరా. బరోబర్ పదకొండుకే!"

"మరి ఇంటామెకు ఇష్టమేనా?"

"ఆమె సంగతి నేను చూసుకుంట" అని ఫోను పెట్టేశాడు.

సాయంత్రం మేడం ఫోను చేశారు. "ఇల్లు నువ్వు పోయి చూసినవా?"

చూడలేదంటే ఆవిడ తీరిక చేసుకుని చూసేదాకా ఈ దూడ మా ఇంట్లోనే ఉంటుంది. "చూసిన మేడం. మహల్ లెక్కుంది. హోట్గి రోడ్ మీద."

"మా దిక్కే గద! ఇంటామె ఎట్లుంది? కుక్కను చూసుకునేది ఆమెనే."

అబద్ధం ఒకటి బయటికొచ్చాక రెండోది తోసుకుంటూ వస్తుంది. "బంగారమసోంటిది మేడం. మొగుని మాట జవదాటదు. జర అమాయకురాలు. కుక్కల గురించి ఏం తెల్వదు గాని, చెప్తె నేర్చుకుంటది."

"సరే, ఇచ్చినంక ఫోన్ చెయ్యి. నేను పోయి నేర్పిస్త" అన్నారు మేడం.

మరునాడు ఆటోలో బయలుదేరాను. గేటు దగ్గర పొడుగాటి పెద్దమనిషి అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాడు. పిల్ల ఒక్క దూకు దూకి ఆయన మొహమంతా నాకింది. మంచివాళ్ళను కుక్కలు ఇట్టే గుర్తుపడతాయి కదా అని మురిసిపోయాను. ఇంతలో లోపలి నుండి మూడు గ్రేట్ డేన్‌లు, ఒక్కొక్కటీ నా నడుమెత్తు, పరుగెత్తుకొచ్చాయి. నేను తిరిగి ఆటోలోకి ఎక్కుతుంటే వెనక స్కూటీ ఆగింది.

"శీనూ? మా ఇంటి ముందల ఏం చేస్తున్నవ్?"

డాక్టర్ మేడం. మందుల సంచి మరచిపోయి వెనక్కి వచ్చారట.

"గిదే మేడం... గా ఇల్లు."

మేడం హెల్మెట్ తీసి మెల్లగా అన్నారు: "అంటే, గా అమాయకురాలు..."

ఆటోవాడు ఇంజను ఆపి మరీ వినసాగాడు.

"నేను గట్ల చెప్పలే!" అని పెద్దమనిషి కంగారుగా అరిచాడు. తరువాత గొంతు తగ్గించి, "ఒక్కదాన్ని ఉంచుకుందమంటె నువ్వు ఇనలే. కండ్లు తెరిచినప్పుడు ముందుగాల నన్నే చూసింది. ఎవరికో ఎట్లిద్దమే?" అన్నాడు.

పిల్ల అప్పటికే తల్లి కాళ్ళ మధ్య దూరి, తొమ్మిది రోజుల ముచ్చట్లు చెబుతున్నట్టు కుయ్ కుయ్ అంటోంది. మేడం అటు చూశారు. తరువాత నా చేతిలోని ఫైలు లాక్కున్నారు.

"కుక్కకు ఇల్లు దొరికింది శీనూ. ఇగ మా సార్‌కు ఒక ఇల్లు చూడు. ఫికర్ చెయ్యకు, ఈయనకు గూడ పరీక్షలన్ని చేయించిన."

ఆ రోజు నుండి, మా మగ్గాల మీద ఒట్టు, నేను ఎవరికీ దేనికీ మధ్యవర్తిగా వెళ్ళను. తప్పనిసరై వెళ్ళినా, చూడని ఇల్లాలిని పొగడను, చూడని ఇల్లాలిని తెగడను. ముందు ఆమె పేరేమిటో, ఏం ఉద్యోగం చేస్తుందో కనుక్కుంటాను.