లాయరుగారి అట్టలో దాగిన ముగింపు

"నవ్వకు బావమరిదీ, నవ్వకు. ముందు నువ్వూ చదువు, తర్వాత మాట్లాడదాం. అయినా ఎలా చదువుతావులే, ఆఖరి మడత లాయరుగారి దగ్గరుంది."

బైండరు దబ్బనంతో గాల్లో పొడుస్తూ అన్నాడు. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న బావమరిది నవ్వాపుకోలేక మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. అక్క కబురు పెడితే వచ్చిన మనిషి. సంగతేమిటో మొత్తం విన్నాకే కదులుదామని ఓపిగ్గా కూర్చున్నాడు.

బైండరుకు వీధిలో బంకరాజు అని పేరు. ఎన్ని పుస్తకాలు చేతిమీదుగా వెళ్ళినా ఒక్కదాన్నీ చదివిన పాపాన పోలేదు. ఆయన దృష్టిలో పుస్తకాలు రెండే రకాలు: వెన్ను విరిగినవీ, విరగబోతున్నవీ. కథలు చదివి కళ్ళు తుడుచుకునేవాళ్ళంటే మరీ లోకువ. "కాగితం తడిస్తే ఉబ్బుతుందమ్మా, అవతలికెళ్ళి ఏడవండి" అని అద్దె పుస్తకాల షాపులో ఒకావిణ్ణి మొహం మీదే అన్న ఘనుడు.

అలాంటివాడి చేతికి, అదే షాపు నుంచి, కుట్లూడిన ఒక సైన్స్ నవల వచ్చింది. పేజీల అంకెలున్న మూలల్ని ఎలకలు కొరికేశాయి. కొన్నేసి పేజీలు కలిపి మడిచి కుట్టే మడతల్ని వరుసగా పేర్చాలంటే వాక్యాలు చదవక తప్పలేదు. చదివాడు. అంతే, దొరికిపోయాడు.

నవలలో ఒకాయన చుక్కల అవతల ఏదో గ్రహం మీద ఒంటరిగా కాపలా ఉంటాడు. భూమ్మీద నుంచి భార్య రేడియోలో "భోంచేశావా?" అని అడుగుతుంది. ఆ మాట అతన్ని చేరడానికి తొమ్మిదేళ్ళు. "ఇంకా లేదు" అన్న జవాబు తిరిగి రావడానికి మరో తొమ్మిదేళ్ళు.

"జవాబొచ్చేసరికి ఆవిడుండదయ్యా," బైండరు గొంతు తగ్గించాడు. "ఆ ఇంట్లో ఎవరో అద్దెకున్నవాళ్ళు. రేడియోలోంచి వీడు 'ఇంకా లేదు, నువ్వు తిన్నావా?' అంటాడు. వాళ్ళు దాన్ని కట్టేసి పడుకుంటారు. మనిషన్నవాడు రాసే రాతేనా అది?"

అది చదివిన రోజు బైండరు బల్ల మీద తలవాల్చి వెక్కుతుంటే, భార్య తలనొప్పనుకుని నుదుటికి మందు రాసింది. ఈయన కాదనలేదు.

కోపం కొద్దీ ఆఖరి మడతని నవలలో కుట్టలేదు. చింపడానికేమో చేతులు రాలేదు. పక్కనే బైండింగుకొచ్చిన లాయరుగారి లా పుస్తకం ఉంటే, గట్టిదనానికి పాత కాగితాలు పెట్టే ఆ అట్టలోపల బంక రాసి అతికించేశాడు. దాంతో నవల, ఆ మొగుడు జవాబు పంపిన చోటే ఆగిపోయింది. అద్దెకు పట్టుకెళ్ళినవాళ్ళు ముగింపు భలే ఉందన్నారట! బంకరాజుకు ఆ నవల తనే రాసినంత పొగరొచ్చింది.

చివరికి బంకరాజు భార్యా అదే పుస్తకం తెచ్చుకుంది. సాంతం చదివి వెన్ను తడిమింది. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడి పనితనం తెలియదా? మడత ఒకటి తక్కువైందని ఆవిడ వేళ్ళు చెప్పేశాయి.

"ఏవండీ, ముగింపేదీ?"

"నేను చెప్తాలే, విను."

"మీ నోటితో నాకక్కర్లేదు. మడత తెచ్చివ్వండి. ఆ రేడియో మొగుడి కోసమా ఆరోజు నాచేత మందు రాయించుకున్నారు! వాడే నయం, ఎన్నేళ్ళకైనా జవాబిచ్చాడు. మన మధ్య ఒక్క గోడ. భోజనానికి రండి అని రోజూ అరుస్తుంటే, మీ జవాబు ఇంకా బయల్దేరనే లేదు!"

ఆవిడ పిలవడం మానేసింది. కంచంలో వడ్డించి, మూతపెట్టి వెళ్ళిపోతోంది. ఎన్నడూ చెవికెక్కని పిలుపు ఆగిపోయాక బైండరుకు కుట్లు వంకర పోతున్నాయి. భోజనం వేళకు చెయ్యాపి గోడకేసి చెవి రిక్కిస్తున్నాడు. ఆ గ్రహం మీదివాడికి రేడియో అన్నా ఉంది, పాపం.

"లాయరుగారిని అడగలేకపోయావా బావా?"

"అడిగా. కొత్త అట్ట విప్పుతానంటావా అని గుడ్లురిమాడు. ఏమని చెప్పను? మీ అట్టలో ఒకావిడ పోయింది, ఓసారి ఇప్పించండి అననా?"

గోడ అవతల గిన్నె మూత చప్పుడైంది. బైండరు చటుక్కున తలెత్తాడు. పిలుపు రాలేదు.

"నువ్వు మాటకారివి. ఎలాగోలా ఆ పుస్తకం పట్రా. అక్షరం చెడకుండా తడిపి ఊడదీస్తా. అన్నట్టు, వెళ్తూ వెళ్తూ వంటింట్లోకి తొంగిచూసి మీ అక్కకో మాట చెప్పు."

"ఏమని?"

"ఇంకా తినలేదని."

"మధ్యలో గోడేగా బావా, నువ్వే చెప్పు!"

"చెప్పింది చెయ్యవయ్యా. తను తిందో లేదో కూడా అడిగి, జవాబు పట్రా."