మణెమ్మ కుమ్మరించనివ్వని బిందె

మణెమ్మ ఎవరి మాటా వినదని ఊళ్ళో పేరు. వినకూడదని ఆవిడకి తన కుడిచెయ్యే నేర్పింది. నాగాయలంక దాటాక కృష్ణ సముద్రంలో కలిసే చోట, నలభై అయిదేళ్ళుగా వలలో పడ్డ చేపల్ని ఏరే పని ఆవిడది. కాపురానికొచ్చిన ఏడాదే జెల్లీ చేప తీగలు ఆ చేతికి చుట్టుకున్నాయి. అత్తగారు ప్రేమకొద్దీ బిందెడు కాలవనీళ్ళు కుమ్మరించింది. డెల్టాలో కాలవనీళ్ళకి లొంగని జబ్బేముంటుంది మరి. మంట రెట్టింపైంది, మచ్చలు మిగిలాయి. సముద్రపు నీళ్ళతో కడుక్కున్నవాళ్ళకి అంత బాధ ఉండదని తర్వాత ఆవిడ కళ్ళారా చూసింది. చెబితే ఒక్కరూ నమ్మలేదు.

డిగ్రీ చదివే మనవరాలు హెప్సిబా ఒకరోజు విడమర్చి చెప్పింది. ఆ తీగల నిండా కంటికి కనపడని విషపు సంచులుంటాయట. మంచినీళ్ళు తగిలితే, పేలకుండా మిగిలినవి కూడా పేలతాయట.

“నాకెప్పుడో తెలుసు. మీ పుస్తకానికి ఇప్పుడు తెలిసింది,” అంది మణెమ్మ.

ఈ ఏడు వలనిండా జెల్లీ చేపలే. వల యజమాని బాలశౌరి విసుగెత్తి, అన్నిటినీ నరికి పాతెయ్యమన్నాడు. మణెమ్మ కత్తి ముట్టలేదు. బతికున్నవాటిని చెక్కతో నీళ్ళలోకి నెట్టేసింది.

“గొడుగులాంటి దాని ఒంటి కింద పార చేప పిల్లలు దాక్కుంటాయండి. ఆ విషానికి జడిసే పెద్ద చేపలు వాటి జోలికి రావు. దీన్ని చంపేసి, రేపు పార చేపలేవని ఎవర్నడుగుతారు?”

“రేపట్నించి నువ్వు పనిలోకి రాకు.”

ఆ పని తప్ప ఆవిడకి ఇంకో ఆధారం లేదు. అయినా మర్నాడు వచ్చి తన చోట తను కూచుంది.

పొద్దెక్కాక వల లాగుతుంటే తీగలు బాలశౌరి మోచేతికే చుట్టుకున్నాయి. ఆయన కేకకి భార్య రావమ్మ తాగే నీళ్ళ బిందె ఎత్తుకుని పరుగున వచ్చింది. మణెమ్మ అడ్డంపడి ఆ బిందెని ఇసకలో దొర్లించేసింది. మంచినీళ్ళకి కటకటలాడే ఊరు నోరెళ్ళబెట్టింది. పొగరన్నారెవరో. ఆవిడ తిరిగి చూడలేదు. సముద్రపు నీళ్ళు పోస్తూ, పుల్లతో ఒక్కొక్క తీగే తీసింది. తీసి, ఆయన కళ్ళముందే ఆ జెల్లీ చేపని మళ్ళీ నీళ్ళలోకి నెట్టింది. వద్దనే ఓపిక ఆయనకి లేదు.

గంటకి మంట తగ్గి, బాలశౌరి టీ గ్లాసు పట్టుకుని ఆవిడ దగ్గరకొచ్చాడు.

“రేపట్నించి పనిలోకి రా మణెమ్మా.”

“నేను మానలేదండి. మీరు మానమన్నారు, అంతే.”