దర్జీ మాస్టారు వదిలిన బెత్తెడు

మా పక్కింటి దర్జీ మాస్టారు ఎవరి బట్టలు కుట్టినా లోపల బెత్తెడు గుడ్డ వదిలేవారు. పిల్లలు పొడుగవుతారు, పెద్దలు లావవుతారు, రేపు విప్పుకోవడానికి ఉండాలి కదా అనేవారు. మా వీధిలో ఒకే లాగును ముగ్గురు అన్నదమ్ములు వరసగా తొడుక్కున్నారంటే అది ఆయన చలవే.

చూపు మందగించి కొట్టు మూసేశాక మాత్రం ఆ మనిషి మంచమెక్కారు. జబ్బేమీ లేదు. లేచి చేసేదేముంది అని, అంతే. అప్పుడు ఆయన భార్య నర్సరీ నుంచి మూడు ఆపిల్ మొక్కలు తెప్పించి పెరట్లో నాటించింది. వాటికి నీళ్లు పోయడానికని లేచిన మనిషి మళ్లీ పగలు పడుకోలేదు.

గోడ మీంచి తొంగిచూడకపోతే నాకు ముద్ద దిగదు. చలికాలం చివర ఒకనాడు చూద్దును కదా, మాస్టారు కత్తెర పట్టుకుని కొమ్మలు తెగ్గోస్తున్నారు.

"పసిమొక్కల్ని అలా కోసేస్తున్నావేం తమ్ముడూ?"

"కొమ్మలు ఒకదాన్నొకటి రాసుకుంటే లోపల గాలాడదు అక్కయ్యగారూ. గాలాడకపోతే తడి ఆరదు, బూజు పడుతుంది. నర్సరీ ఆమె చెప్పింది."

"మరి ఆ కొమ్మ తీసి ఈ కొమ్మ ఉంచావేం?"

"దీని మొగ్గ బయటివైపు చూస్తోంది. ఇంకా ఏమన్నా అడగాలా, పోలీసులకి మల్లే?"

అడగాల్సినవి చాలానే ఉన్నాయి గానీ ఇంట్లో పాలు పొంగుతున్నాయి.

వానలు పడ్డాక కొమ్మల చివళ్లు నల్లబడ్డాయి. బెరడు లోపలికి కుంగి, దాని మీద ఎర్రటి చుక్కలు లేచాయి. అన్నిటికన్నా ఏపుగా ఉన్న నడిమి మొక్కకైతే తెగులు కాండంలోకి దిగింది. మాస్టారు మళ్లీ మంచమెక్కారు.

"వదినగారూ, ఈ మొక్కలు పోతే ఈయన ఇక లేవరు" అని ఆయన భార్య కళ్లు ఒత్తుకుంది.

నేను గోడ చుట్టూ తిరిగి వెళ్లి ఒక్కో కొమ్మా పట్టి చూశాను. వింతేమిటంటే, ప్రతి కొమ్మకీ చివరి మొగ్గ పైన ఒక ఎండు ముక్క ఉంది. అన్నీ ఒకే పొడుగు. నాలుగు వేళ్లు ఆనించి చూశాను, సరిగ్గా బెత్తెడు.

"తమ్ముడూ! ఈ బెత్తెడేమిటయ్యా?" అని కిటికీలోంచి అరిచాను.

"వదలాలి కదా అక్కయ్యగారూ. పొట్టయితే అతకలేం."

కబురు పెడితే నర్సరీ ఆమె వచ్చింది. చూసి తల పట్టుకుంది. "మాస్టారూ, మొగ్గ పైన మిగిలిన ముక్కకి తిండి అందదు, ఎండిపోతుంది. ఎండినదాంట్లో బూజు కాపురం పెట్టి కిందికి పాకుతుంది. మొగ్గని ఆనుకునే కోయాలండీ."

తెరిపిచ్చి ఎండ కాసిన రోజున మాస్టారు లేచారు. రెండు మొక్కల మోళ్లూ మొగ్గ దాకా తీసేశారు. నడిమిదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. నర్సరీ ఆమె రంపం చేతికిచ్చి, తెల్లటి చెక్క కనబడేదాకా కోయమంది. కోశారు, నడుమ గోధుమరంగు మచ్చ ఉంది. రంపాన్ని స్పిరిట్‌తో తుడిచి ఇంకా కిందికి కోశారు. మళ్లీ మచ్చే.

"ఇంకేం మిగులుతుందమ్మా?" అన్నారు.

"మచ్చ మిగిలితే మాత్రం ఏదీ మిగలదండీ."

మోకాలెత్తులో చెక్క తెల్లగా తేలింది. కోసినవన్నీ తగలబెట్టి, గాయానికి మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూశారు. ఆ నీలం పూత ఎందుకు, ఎంతసేపటికి ఆరుతుంది, చీమలు నాకవా అని నేనడుగుతుంటే నర్సరీ ఆమె సంచి సర్దుకుని బయల్దేరింది.

కొన్ని వారాలకి ఆ మోడు పక్కనుంచి రెండు చిగుళ్లు తొంగిచూశాయి. ఒక్కటే ఉంచాలట. ఆయన భార్య పొడుగుది ఉంచమంటుంది, నేను లావుది అంటాను. మాస్టారు పీట వేసుకుని, కత్తెర ఒళ్లో పెట్టుకుని, పొద్దుటినుంచీ అక్కడే కూర్చున్నారు.

"ఇద్దరూ కాస్త జరగండి," అన్నారు, "ఎండకి అడ్డొస్తున్నారు."