డామ్సన్ జామ్ లాంటిది

మా ఆయన సిరిల్ ఉన్న రోజుల్లో పొద్దుటి టీ అవగానే మా వంటింటి బల్ల రెండు వాటాలయ్యేది. ఇటు నేను, తిరిగొచ్చిన సీసాలు వేడినీళ్ళలో నానబెట్టి పాత చీటీలు గీకేదాన్ని. అటు ఆయన, కొత్త చీటీలు రాసేవారు. ఇప్పుడు అటువైపు రొట్టె పెట్టుకుంటున్నాను.

రేగుపళ్ళంతేసి నల్లటి, పుల్లటి డామ్సన్లు కాసే లోయ మాది. నేను జామ్ వండి గేటు దగ్గర పెడితే ఊరివాళ్ళు కొనుక్కెళ్ళేవారు. నాకు రాత అంతగా రాదు. అందుకని చీటీలు ఆయన వంతు. ఆయన రాసేది ఒకటే: 'డామ్సన్ జామ్ లాంటిది'.

"లాంటిదేమిటయ్యా, అది జామే" అని నేను పోట్లాడితే, "రేపెవరైనా కాదంటేనో? మనం ముందే చెప్పాంగా" అనేవారు.

మనిషే అంత. రోడ్ల మరమ్మతు పని చేసేవారు. ఒకసారి వరదొచ్చిన సందులో 'ముందు నీళ్ళ లాంటివి ఉన్నవి' అని బోర్డు పెట్టారు. డాక్టరుగారు నమ్మలేదు, కారుతో సహా దిగిపోయారు. మా బూడిదరంగు పిల్లి తప్పిపోతే 'దాదాపు పిల్లి' అని కొట్టు అద్దానికి అంటించారు. ఎవరో కుందేలు తెచ్చిచ్చారు. పెళ్ళికి ముందు నాకు పంపిన క్రిస్మస్ కార్డులో 'నీ మీద ప్రేమ లాంటిది పుట్టింది' అని రాస్తే, మా అమ్మ చదివి, అది ముదిరాక రమ్మంది. మర్నాడే వానలో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

నాకున్న ఆశల్లా ఊరి పోటీలో మంచి జామ్‌కిచ్చే కప్పు. అక్కడ చీటీ మీద సరుకు పేరు నికరంగా ఉండాలి. ఏటా నా సీసా రుచి చూడకుండానే పక్కన పెట్టేసేవారు. ఈసారైనా సరిగ్గా రాయమని బతిమాలితే, బాగా ఆలోచించి 'ఇంచుమించు డామ్సన్ జామ్' అని రాసిచ్చారు. ఆ కప్పు కోసమే గోడకు ఒక బల్ల కూడా కొట్టారు. అదీ బల్ల లాంటిదే, ఒక పక్కకి వాలి ఉంటుంది.

ఫిబ్రవరిలో ఆయన పోయారు. ఆయన చీటీ ఉన్న సీసా ఒక్కటే మిగిలింది. నిన్న పోటీ చూసుకునే మ్యూరియల్ బుట్ట, పెన్ను పట్టుకుని వచ్చింది. ఈసారి మిగతావాళ్ళ జాములన్నీ మాడిపోయాయట.

"కప్పు నీదేనే హిల్డా. ఆ చీటీ గీకెయ్. కొత్తది నేను రాస్తా."

గిన్నెలో వేడినీళ్ళు పోశాను. సీసా చేతిలోకి తీసుకున్నాను. గోడ మీది ఖాళీ బల్ల కేసి చూశాను. మ్యూరియల్ పెన్ను మూత తీసి కూర్చుంది. నీళ్ళ మీద ఆవిరి తగ్గిపోయింది.

"చల్లారిపోతున్నాయే" అంది.

సీసా పొడిగుడ్డతో తుడిచి ఆమె బుట్టలో పెట్టాను.

"ఇలాగేనా? పక్కన పెట్టేస్తారు మరి."

"పెట్టనీ."

మ్యూరియల్ వెళ్ళాక నీళ్ళు పారబోశాను. చీటీ గీకలేదు.